తేనీటి కప్పు నుండి నైరూప్య చిత్రమునకు

హైదరాబాదు నగరములో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణను ఆనుకొని తార్నాక ఉన్నది. అచ్చటి హోటలు బల్లపై ఒక కప్పు ఇరానీ చాయ్, దాని క్రింద సాసరు, ప్రక్కన రెండు ఉస్మానియా బిస్కట్లు ఉన్నవనుకొనవచ్చును. ఒక విద్యార్థి తన సెల్‌ఫోనుతో వానిని ఫోటో తీసి, ఆర్ట్స్ కళాశాల మెట్లపై కూర్చుండి ఆ ఫోటోను మార్చుటకు మొదలిడును. పది నిమిషములలో కప్పు మాయమగును. దాని స్థానమున వలయములు, రంగుల పట్టీలు, వాకిటి ముగ్గువంటి ఒక అల్లిక మిగులును. కదలని వస్తువులను చూపు చిత్రమును నిశ్చల వస్తు చిత్రమనియు, ఏ వస్తువును పోలక రేఖలతోను రంగులతోను మాత్రమే నిలుచు చిత్రమును నైరూప్య చిత్రమనియు అందురు. మొదటిది రెండవదిగా ఎట్లు మారినది? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క యంత్రములో లేదు. సుమారు రెండు వందల సంవత్సరముల చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రలో ఒక ప్రకరణము హైదరాబాదులోనే జరిగినది.

కదలని వస్తువులే తొలి నమూనాలు

ఛాయాచిత్రము పుట్టిననాడు దానికి మనుష్యులకంటె వస్తువులే అనుకూలముగా ఉండెను. ఫ్రాన్సు దేశీయుడగు నియెప్సు 1826-27 ప్రాంతమున తన కిటికీనుండి తీసిన దృశ్యమునకు అనేక గంటలపాటు వెలుతురు చూపవలసి వచ్చెను. అంతసేపు ఏ మనుష్యుడు కదలక ఉండగలడు? 1837లో డాగెర్ తన గదిలోని సున్నపు బొమ్మలను, ఇతర వస్తువులను ఒకచోట అమర్చి చిత్రము తీసెను. ఇంగ్లండులో టాల్బట్ 1844-46 సంవత్సరముల మధ్య ప్రకటించిన తన గ్రంథములో పింగాణీ పాత్రల వరుసలను, గాజు పాత్రలను చూపెను. ఇంటిలోని పాత్రలను దొంగలు ఎత్తుకొనిపోయినచో ఇట్టి చిత్రము న్యాయస్థానములో సాక్ష్యముగా పనికివచ్చునని ఆయన సూచించెను. అనగా కెమెరా ఎదుటనున్న దానిని ఉన్నట్లు చూపునను నమ్మకమే ఛాయాచిత్రమునకు తొలి గౌరవము తెచ్చినది.

ఆ నమ్మకముతో కొందరు కళాకారులు తృప్తిపడలేదు. 1916లో అమెరికాలో పాల్ స్ట్రాండ్ వంటింటి గిన్నెలను మిక్కిలి దగ్గరనుండి తీసెను. అంచులు, నీడలు మాత్రమే చట్రములో నిలిచినవి. గిన్నె అను భావము వెనుకకు పోయి, వంపుల కూర్పు ముందునకు వచ్చెను. మరుసటి సంవత్సరము లండనులో ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ మూడు అద్దములను త్రికోణముగా బిగించి, కట్టెముక్కలను, స్ఫటికములను వాని ద్వారా ఫోటో తీసెను. జాతరలో పిల్లలు కొనుక్కొను గాజుముక్కల గొట్టములో పనిచేయు సూత్రమే ఇది. కాని ఈ ప్రయత్నములన్నియు కెమెరా ముందుగానీ, చీకటి గదిలో గానీ జరిగినవి. చిత్రము ఒకసారి ముద్రపడిన పిమ్మట దానిలోని ప్రతి చుక్కను విడిగా పట్టుకొని మార్చుటకు మార్గము లేకుండెను. చుక్కకు సంఖ్య రావలసి యుండెను.

బేగంపేట గాజు పలకలు

హైదరాబాదుకు ఛాయాచిత్రము క్రొత్తది కాదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1886లో సికిందరాబాదులో తన స్టూడియో నెలకొల్పెను. ఆయన గాజు పలకలపై రాజభవనములను, ప్రముఖులను చిత్రించెను. అట్టి గాజు పలకలే కొంతకాలమునకు మరియొక పనికి ఉపయోగపడినవి.

నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో స్థాపించిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వము స్వీకరించినది. అది బేగంపేటలో ఉండెను. 1919లో దాని నిర్వహణ ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వచ్చెను. అంతకు పూర్వమే, 1887లో, పారిస్ నగరమున చేరిన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని ఫోటోలు తీసి నక్షత్రముల పట్టికను తయారుచేయవలెనని నిశ్చయించిరి. ఆకాశమును పట్టీలుగా విభజించి సుమారు ఇరువది వేధశాలలకు పంచిరి. దక్షిణ క్రాంతి 17 డిగ్రీలనుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతునకు వచ్చెను. 8 అంగుళముల కుక్ దూరదర్శినితో 1914 నుండి 1929 వరకు ఈ పని సాగెను. పోకాక్, ఆయన అనంతరము టి. పి. భాస్కరన్ దీనిని నడిపించిరి.

ఆ పలకపై నక్షత్రములతోబాటు సన్నని గీతల వల కూడ ముద్రింపబడెడిది. గడి గడికి దూరము 5 మిల్లీమీటర్లు. పలకపై 1 మిల్లీమీటరు ఆకాశములో సుమారు 1 నిమిషపు కోణమునకు సమానము. ఈ లెక్కన 2 డిగ్రీల వెడల్పు, అనగా 120 నిమిషములు, 24 గడులలో ఇముడును. లెక్కించువారు సూక్ష్మదర్శినితో ఒక్కొక్క నల్లచుక్కను చూచి, అది ఏ గడిలో ఎంత అడ్డముగా, ఎంత నిలువుగా ఉన్నదో కొలిచి వ్రాసెడివారు. చుక్క పరిమాణమునుబట్టి నక్షత్రపు కాంతిని అంచనా కట్టెడివారు. ఇట్లు ఏడు లక్షలకు మించిన నక్షత్రములు గాజు పలకలనుండి సంఖ్యల పట్టికలలోనికి వచ్చినవి.

చిత్రముపై గడులు గీయుట, స్థానమునకు సంఖ్య నిచ్చుట, కాంతికి సంఖ్య నిచ్చుట అను ఈ మూడు పనులే నేటి డిజిటల్ చిత్రమునకును పునాది. భేదము ఒక్కటి ఉన్నది. వేధశాలలో చుక్కను వెదకి దాని స్థానమును కొలిచిరి. డిజిటల్ చిత్రములో స్థానములు ముందే నిర్ణయింపబడి ఉండును. ప్రతి గడిలోని వెలుగును మాత్రమే కొలుతురు.

గడులు యంత్రములోనికి వచ్చుట

1957లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్, అతని సహచరులు తిరుగు డోలుపై ఒక ఫోటోను అంటించి, దానిపై వెలుగు ప్రసరింపజేసి, తిరిగివచ్చు కాంతిని విద్యుత్తుగా మార్చి కంప్యూటరునకు అందించిరి. అది కిర్ష్ యొక్క మూడు నెలల పసివాని ఫోటో. అడ్డముగా 176, నిలువుగా 176 గడులు. మొత్తము 30,976. మొదట ప్రతి గడికి నలుపో తెలుపో అను రెండే జవాబులు. పిమ్మట వేర్వేరు కాంతి హద్దులతో అనేక పర్యాయములు చదివించి నడిమి ఛాయలను కూడ రాబట్టిరి. ఈ గడికే తరువాత పిక్సెల్ అను పేరు స్థిరపడినది.

కళ ఎంతో ఆలస్యము చేయలేదు. 1966లో బెల్ ప్రయోగశాలలో లియోన్ హార్మన్, కెన్ నోల్టన్ ఒక మానవాకృతి ఫోటోను గడులుగా విభజించి, ఒక్కొక్క గడి వెలుగునకు తగిన చిన్న గుర్తును అచట నిలిపిరి. దగ్గరనుండి చూచినవారికి గుర్తుల గుంపు. దూరమునుండి చూచినవారికి మనిషి. ఫోటోకును నైరూప్య చిత్రమునకును మధ్య గోడ లేదనియు, చూచువాని దూరమే ఉన్నదనియు ఆ పని తెలిపినది.

కాంతిని నేరుగా విద్యుదావేశముగా పట్టు పరికరమును 1969లో బాయిల్, స్మిత్ కనుగొనిరి. 1975లో కోడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ కట్టిన కెమెరా 10,000 గడుల చిత్రమును క్యాసెట్టుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెను. నేటి ఫోను 4,000 అడ్డముగా, 3,000 నిలువుగా, 1 కోటి 20 లక్షల గడులను రెప్పపాటులో నింపుచున్నది.

ప్రతి ఫోటోలోను దాగియున్న నైరూప్యము

ఇన్ని సంఖ్యలను కొద్ది స్థలములో దాచుట ఎట్లు? ఈ చిక్కునకు 1974 జనవరిలో ఒక గణిత పద్ధతి ప్రకటింపబడెను. దాని కర్తలు బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహన్ రావు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన రామమోహన్ రావు టెక్సాస్ రాష్ట్రములో ఆచార్యుడుగా జీవితమంతయు ఈ విద్యకే వినియోగించెను.

ఆ పద్ధతి భావము ఇది. వీణ తీగ నుండి వెలువడు నాదము ఒక్క స్వరము కాదు. మూల స్వరముతో అనేక ఉపస్వరములు వేర్వేరు పాళ్లలో కలిసియుండును. అట్లే ఫోటోలో అడ్డముగా 8, నిలువుగా 8 గడులు గల ఒక ముక్కను తీసికొన్నచో, దానిని 64 ప్రాథమిక నమూనాల మిశ్రమముగా వ్రాయవచ్చును. మొదటి నమూనా ఒకే ఛాయ. మిగిలినవి వెడల్పు చారలు, సన్న చారలు, చదరంగపు బల్లవంటి గళ్లు. ఒక్కొక్కటి ఎంత పాలు కలిసినదో చెప్పు సంఖ్యయే దాచవలసినది. కంటికి అంతగా తెలియని సన్న చారల పాలును తగ్గించినను చిత్రము చెడదు. స్థలము ఆదా యగును. 1992లో అంతర్జాతీయ ప్రమాణముగా వచ్చిన జేపెగ్ విధానమునకు ఇదే ఆధారము.

కావున హోటలు బల్లపై తీసిన ఫోటో ఈ విధానములో ఫోనులో దాగినప్పుడు, అచట కప్పు ఉండదు, బిస్కట్టు ఉండదు. చారల పాళ్లు మాత్రమే ఉండును. ఫోటోను నైరూప్యముగా మార్చువాడు బయటినుండి ఏదియో తెచ్చి పూయుట లేదు. లోపల నున్న నైరూప్యమును పైకి తీయుచున్నాడు. ప్రతి ముక్కలోను మొదటి నమూనాను మాత్రమే ఉంచి తక్కినవానిని తొలగించినచో కప్పు చదరపు రంగుగళ్లుగా విడిపోవును. సన్న చారలను మాత్రమే ఉంచినచో అంచుల గీతలు మిగులును.

తిరిగివచ్చు దారి, తిరిగిరాని దారి

ఇచట విద్యార్థులు గమనింపవలసిన విషయమొకటి ఉన్నది. నలుపును 0 అనియు, తెలుపును 255 అనియు లెక్కించునప్పుడు నాలుగు గడుల విలువలు 40, 60, 200, 220 అనుకొన్నచో:

ప్రతిదానిని 255 నుండి తీసివేసిన 215, 195, 55, 35 వచ్చును. వెలుగు చీకటియై, చీకటి వెలుగగును. మరల అట్లే చేసిన మొదటి విలువలు తిరిగివచ్చును. వరుసను త్రిప్పి 220, 200, 60, 40 అని వ్రాసినచో అద్దములో ప్రతిబింబము ఏర్పడును. కోబర్న్ మూడు అద్దములతో చేసిన పనిని ఇప్పుడు ఈ వరుస మార్పే చేయుచున్నది. దీనిని కూడ తిరిగి సరిచేయవచ్చును.

కాని నాలుగింటి సగటు 130ని నాలుగు గడులలోను నింపినచో తిరుగు దారి లేదు. 130ని చూచి అవి ఒకప్పుడు 40, 60, 200, 220 అని ఎవ్వరును చెప్పలేరు. 100, 120, 140, 160 సగటు కూడ 130యే గదా! అట్లే 128కి మించిన ప్రతిదానిని 255గా, తక్కినదానిని 0గా మార్చిన పిమ్మట పాత ఛాయలు శాశ్వతముగా పోవును. మూల చిత్రముపైననే ఇట్టి మార్పుచేసి భద్రపరచినవాడు దానిని పోగొట్టుకొన్నట్లే. ముందుగా ప్రతి తీసి, ఆ ప్రతిపై పనిచేయుట ఈ కళలో మొదటి పాఠము.

ఒకే సంఖ్య, రెండు ధర్మములు

ఇట్టి మార్పులు కళాకారుల సొత్తు మాత్రమే కాదు. 1988 మార్చి 17న ప్రయోగింపబడిన భారత దూరసంవేదన ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఎ భూమిని గడులుగా చూచెను. దానిలోని ఒక కెమెరాకు ఒక్కొక్క గడి భూమిపై 72.5 మీటర్లు. ఇట్టి ఉపగ్రహముల సమాచారమును అందుకొని సవరించు జాతీయ కేంద్రము హైదరాబాదులోనే ఉన్నది. కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని ఎరుపుగా చూపుట ఈ చిత్రములలో పరిపాటి. ఆకులు ఆ కాంతిని మెండుగా పరావర్తనము చేయును గనుక విశ్వవిద్యాలయపు చెట్లవంటి పచ్చని తోపులు అందు ఎర్రగా కనబడును. అది అబద్ధము కాదు. ఏ రంగు దేనికి గుర్తో ప్రక్కన వ్రాయుదురు గనుక. తార్నాకకు సమీపమున ఉప్పల్ రోడ్డుపై 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్లను కొలతలను రంగులుగా చూపు పటములు నిత్య సాధనములే.

శాస్త్రజ్ఞుడు రంగు మార్చి, మార్చిన నియమమును చెప్పును. కళాకారుడు రంగు మార్చి, అందమును చూడుమనును. ఇద్దరును గౌరవనీయులే. ఈ ఇద్దరి మధ్య మూడవవాడొకడు కలడు. వాడు మార్చిన చిత్రమును మార్చనిదిగా చూపువాడు. టాల్బట్ చెప్పిన సాక్ష్యమునకు విలువ పోవునది అచటనే. సంఖ్యలను మార్చుట సులభమైన కొలది, మార్చితినని చెప్పుట అవసరమైనది.

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకయే తరగతిలో చూపవచ్చును. గ్రాఫు కాగితముపై 16 అడ్డముగా, 16 నిలువుగా 256 గడులు తీసికొని, ఒక చెంబునో మామిడిపండునో ఎదుట నుంచి, ప్రతి గడికి వెలుగునుబట్టి 0 నుండి 9 వరకు ఒక అంకె వేయించవలెను. ఆ అంకెలను ఒక్కొక్క జట్టు ఒక్కొక్క నియమముతో మార్చి, రంగులు నింపవలెను. ఒకే చెంబునుండి పది చిత్రములు పుట్టును. ప్రతి చిత్రము క్రింద మూల వస్తువు పేరును, మార్చిన నియమమును విద్యార్థిచేత వ్రాయించుట మరువరాదు. బేగంపేటలో గాజు పలకల ముందు కూర్చున్నవారు ప్రతి అంకెను ఏ పలకనుండి, ఏ గడినుండి తీసిరో వ్రాసి ఉంచిన పద్ధతియు అదియే.