మంట పక్కన మాను: చెక్క మాంటెల్ చరిత్ర

గోడలో కట్టిన ఫైర్‌ప్లేస్ చుట్టూ బిగించే చట్రాన్ని మాంటెల్ అంటారు. మన ద్వారబంధంలాగే దానికీ రెండు పక్కల నిలువు కమ్ములు, వాటి మీద అడ్డపట్టీ ఉంటాయి. ఆపైన గడియారమో ఫోటోలో పెట్టుకునే అర ఉంటుంది. ఇప్పుడది అలంకారమే గానీ, మొదట్లో గోడ బరువు మోసింది.

మధ్యయుగపు ఇంగ్లండులో మంట హాలు నడిమధ్య, నేలమీదే వేసేవారు. పొగ కప్పులోని సందుల్లోంచి పోయేది. కెంట్ ప్రాంతంలోని పెన్స్‌హర్స్ట్ ప్లేస్‌లో 1341 నాటి హాల్లో అలాంటి ఎనిమిది పలకల మంటగద్దె ఇప్పటికీ ఉంది. కోటల్లో గోడ ఫైర్‌ప్లేసులు అంతకు ముందే ఉన్నా, మామూలు ఇళ్లలో ఇటుక పొగగొట్టాలు బాగా పెరిగింది 16వ శతాబ్దంలోనే. తన ఊళ్లో కొత్తగా లేచిన పొగగొట్టాల గురించి ముసలివాళ్లు వింతగా చెప్పుకునేవారని విలియం హారిసన్ 1577లో రాశాడు.

ఆ ఫైర్‌ప్లేసులు మనిషి లోపల కూర్చోగలిగేంత వెడల్పు. పైనున్న ఇటుకల బరువంతా ఒకే ఓక్ దూలం మోసేది. పాత ఇళ్లలో ఈ దూలాల మీద నీటిబొట్టు ఆకారంలో కాలిన మచ్చలు కనిపిస్తాయి. వెలిగించిన వత్తిని దూలం దగ్గర ఏటవాలుగా, చాలాసేపు పట్టుకుంటే తప్ప ఆ ఆకారం రాదని ప్రయోగాల్లో తేలింది. ఇంటికి కీడు సోకకుండా పెట్టిన గుర్తులివని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

బొగ్గు వాడకం పెరిగాక ఫైర్‌ప్లేస్ నోరు చిన్నదైంది. బరువు మోసే పని తప్పడంతో చెక్క పూర్తిగా అందానికే మిగిలింది. ధనికులు పాలరాయి పెట్టించుకున్నారు. తక్కినవారికి వడ్రంగే పైన్ చెక్కతో అదే రూపం చేసి రంగు వేసేవాడు. ఆ వడ్రంగికి గురువు నమూనాల పుస్తకం. అబ్రహాం స్వాన్ 1745లో లండన్‌లో వేసిన ‘ది బ్రిటిష్ ఆర్కిటెక్ట్’ 1775లో ఫిలడెల్ఫియాలో మళ్లీ అచ్చయింది. అమెరికాలో అచ్చయిన తొలి వాస్తు గ్రంథం అదే. జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నాన్‌లోని మాంటెల్ పనికీ ఆ పుస్తకమే ఆధారం. 1797లో అమెరికన్ వడ్రంగి ఆషర్ బెంజమిన్ తనలాంటి పల్లె పనివాళ్ల కోసం సొంతంగా పుస్తకం వేశాడు. ఈ చరిత్రలో అసలు ఘనత ఇలాంటివారిదే. పేరున్న వాస్తుశిల్పిని ఎన్నడూ చూడని ఊళ్లకు కూడా కొలత తప్పని అందాన్ని తెచ్చింది వీరే.

చెక్కడం రానివారికీ ఒక దారి దొరికింది. సుద్దపొడి, జిగురు, రాలజిగురు, అవిసె నూనె కలిపి ముద్దచేసి, గట్టి చెక్క అచ్చుల్లో ఒత్తేవారు. వెచ్చగా, మెత్తగా ఉండగానే మాంటెల్‌కు అంటిస్తే, ఆరాక రాయిలా గట్టిపడేది. రంగు వేశాక ఉలిపనికీ దానికీ తేడా కనిపెట్టడం కష్టం. అయినా అమెరికాలోని సేలంలో సామ్యూల్ మెకింటైర్ (1757–1811) చెక్కిన పండ్ల బుట్టలు, గోధుమ పనలు చూస్తే చేతిపనికి సాటి లేదనే అనిపిస్తుంది.

1796లో శాస్త్రవేత్త కౌంట్ రంఫోర్డ్ ఫైర్‌ప్లేస్ లోతు తగ్గించి, పక్క గోడలను ఏటవాలు చేసి, పొగదారి మెడను ఇరుకు చేయమన్నాడు. దాంతో గదిలోకి వేడి ఎక్కువ, పొగ తక్కువ వచ్చేది. 19వ శతాబ్దంలో పోత ఇనుము, పాలరాయిలా రంగువేసిన పలకరాయి చెక్కను పక్కకు నెట్టాయి. శతాబ్దం చివర్లో చేతిపనిని నిలబెట్టాలన్న ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం ఓక్‌ను తిరిగి తెచ్చింది. తర్వాత అమెరికాలో సియర్స్ వంటి సంస్థలు తయారు మాంటెళ్లను కేటలాగుల్లో అమ్మాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారితో సహా ఎందరో ఇప్పుడు ఇంట్లోనే మాంటెల్ చేసుకుంటున్నారు. అక్కడి నమూనా నివాస నిబంధనల ప్రకారం ఇటుకతోనో రాతితోనో కట్టిన ఫైర్‌ప్లేస్ నోటికి 6 అంగుళాల లోపల చెక్క ఉండకూడదు. 12 అంగుళాల లోపల ఉండే చెక్క, నోటి నుంచి ఉన్న ప్రతి అంగుళం దూరానికీ అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి ముందుకు రాకూడదు. స్థానిక నిబంధనలు ఇంతకంటే కఠినంగా ఉండొచ్చు కాబట్టి కలప కోయకముందే చూసుకోవాలి.