కాలి కడియం

"చెప్పుల చప్పుడు సుత రావద్దు బామ్మర్దీ. ఈడికెల్లి మాటలు బంద్."

పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపు చేరవేసినట్టు కారు తలుపును నెమ్మదిగా మూశాడు బావ.

సెప్టెంబరు నెల. ఉదయం ఏడు కూడా కాలేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అబుదాబి నుంచి అల్ ఐన్ వెళ్లే పెద్దరోడ్డు దిగి ఇసుకదారిలో పావుగంట వస్తే ఈ ప్రహరీ. లోపల వరసగా గదులు. గోడలకు కిటికీ అన్నది లేదు. నెత్తిన కప్పుకు బదులు వల. లోపలున్న పక్షికి ఆకాశం కనిపించాలి, మనిషి కనిపించకూడదు. తిండి కూడా గోడలోని గొట్టంలోంచి జారిపడుతుంది. పెట్టిన చెయ్యి ఎవరిదో దానికి తెలియదు.

బావది జగిత్యాల పక్క పల్లె. పదమూడేళ్లుగా ఇక్కడ ఒక ఎమిరాతీ ఇంట్లో డ్రైవరు. ఇంటి పెద్దాయన్ని 'అర్బాబ్' అంటాడు. "అర్బాబ్ ఈ యేడు కొత్త డేగను తెస్తుండు, నువ్వు సుత రా" అని అతను ఫోన్లో చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కోడిపుంజు. మనకు డేగ అంటే సంక్రాంతి బరిలో దిగే పుంజు రంగు కదా! బండెక్కాక గానీ సంగతి తెలియలేదు. ల్యాండ్ క్రూజర్ ముందు సీట్ల మధ్య పుట్టగొడుగు ఆకారంలో ఒక పీట, దాని నెత్తిన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. 'వక్ర్' అంటారట. ఏసీ గాలి ఆ పీటకు సూటిగా తగలకుండా బావ నిన్న రాత్రే రెక్కలు మళ్లించి పెట్టాడు.

మాతో పాటు దిగిన మూడో మనిషి ఉస్తాద్. బలూచిస్తాన్ ముసలాయన. గడ్డానికి గోరింటాకు, ఎడమ మణికట్టు మీద పాత గీతలు. అర్బాబ్ డేగలన్నీ ఆయన చేతిమీద పెరిగినవే. బావ ఆయనతో మాట్లాడేది హైదరాబాదీ ఉర్దూ, ఆయన బదులిచ్చేది బలూచీ యాస ఉర్దూ. ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఫారం మేనేజరు ఇంగ్లండు వాడు. అర్బాబ్ వచ్చేలోగా మమ్మల్ని ఒక చల్లటి గదిలోకి తీసుకెళ్లాడు. ఖాళీ ఇంక్యుబేటర్లు, చిన్న త్రాసు, మేకుకు వేలాడుతున్న ఒక వింత టోపీ. రబ్బరు టోపీ, చుట్టూ తేనెపట్టులా గుంతలు. ఇదేమిటని కళ్లతోనే అడిగాను. ఆయన నవ్వుతూ నెత్తిన పెట్టుకుని చూపించాడు.

మగ డేగపిల్లను కళ్లు తెరిచిన నాటి నుంచి మనిషే మేపి పెంచితే, అది పెద్దయ్యాక మనిషినే తన జాతి అనుకుంటుంది. వసంతం రాగానే మేనేజరుకు వంగి వంగి దండాలు పెడుతుంది, నోటికి మాంసం ముక్క అందిస్తుంది, చివరికి ఆ టోపీ మీద వాలి సంసారం చేస్తుంది. గుంతల్లో పడిన వీర్యాన్ని సన్నటి గాజుగొట్టంతో తీసి ఆడపక్షికి ఎక్కిస్తారు. ఉత్తర ధ్రువం అంచున మంచులో బతికే జిర్ డేగ, మన వైపు బైరి డేగ అని పిలిచే షాహీన్, ఈ రెండూ కలిసిన సంకరజాతి పిల్ల పుట్టేది ఇలాగే. జిర్ ఒళ్లు, షాహీన్ వడి. షాహీన్ పైనుంచి రెక్కలు ముడిచి దూకితే గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.

"నెత్తి మీద టోపీ పెట్టుకుంటె పిల్లలు పుడతరా?" అని బావ నా చెవిలో గొణిగాడు. ఉస్తాద్ గుర్రుగా చూశాడు.

త్రాసు పక్కన ఒక గాజుసీసాలో అల్యూమినియం కడియాలు. ఒక్కో దాని మీద ఒక్కో నంబరు. మేనేజరు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. అతుకు లేదు, కొక్కెం లేదు, నున్నటి చుట్టు. పిల్ల పుట్టిన పది, పన్నెండు రోజులకు, కాలు ఇంకా మెత్తగా ఉండగానే, వేళ్లన్నీ దగ్గరికి కూడదీసి దీన్ని పైకి జరుపుతారు. ఇంకో వారం ఆగితే పాదం పెరిగిపోయి ఇక ఎక్కదు. ఎక్కాక ఇక దిగదు. అడవిలో వలేసి పట్టిన పెద్ద డేగకు ఈ కడియం తొడగడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఈ చుట్టు ఉన్న పక్షి మనుషుల కళ్లముందు గుడ్డులోంచి వచ్చిందే. గ్రాము కూడా తూగని ఆ రేకు ముక్క మీదే ఈ వ్యాపారమంతా నిలబడి ఉంది.

డేగను ఇలా గదుల్లో పుట్టించాలన్న పట్టుదలకు మూలం డీడీటీ. రెండో ప్రపంచయుద్ధం తరవాత పొలాల్లో చల్లిన ఆ మందు చిన్నపిట్టల ఒంట్లోంచి వాటిని తిన్న డేగల ఒంట్లోకి చేరి గుడ్డు పెంకును పలచన చేసింది. తల్లి పొదగడానికి కూర్చుంటే గుడ్డు పగిలేది. అమెరికా తూర్పు ప్రాంతంలో షాహీన్ జాడే లేకుండా పోయింది. 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో టామ్ కేడ్ అనే పక్షిశాస్త్రవేత్త, తనతో పాటు డేగవేట ఎరిగిన కొందరిని కలుపుకుని పెరిగ్రిన్ ఫండ్ మొదలుపెట్టాడు. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. గదుల్లో పుట్టిన పిల్లల్ని వేల సంఖ్యలో కొండల మీద, పట్నాల మేడల మీద వదిలారు. 1999లో ఆ దేశం తన అంతరించే జాతుల పట్టీ నుంచి షాహీన్‌ను తీసేసింది. వేట కోసం డేగను పెంచినవాళ్ల చేతివిద్యే డేగను బతికించింది. ఈ టోపీ కూడా ఆ రోజుల్లో పుట్టిందే.

బయట అర్బాబ్ బండి ఆగింది. తెల్ల కందూరా, మెడలో కళ్లజోడు. అందరికీ సలాం చెప్పి నేరుగా నాలుగో నంబరు గది దగ్గరికి నడిచాడు. తలుపులో వేలెడు రంధ్రం. ఒకరి తరవాత ఒకరం కన్ను ఆనించి చూశాం.

ఎత్తయిన పలక మీద నాలుగు పిల్లలు. పిల్లలంటే నాలుగు నెలలవి, రెక్కలన్నీ వచ్చేశాయి. మూడు గోధుమరంగు. ఒకటి బూడిద కలిసిన తెలుపు, మిగతా వాటికంటే చెయ్యి మందం పెద్దది. ఆడది. డేగల్లో ఆడదే పెద్దది, దానికే గిరాకీ.

మేనేజరు పొడుగు కర్రకున్న వలతో లోపలికి వెళ్లాడు. ఒక్కసారిగా రెక్కల రొద, గొంతు చీరుకుపోయే కూత. నిమిషం తిరగకుండా తువ్వాలులో చుట్టిన మూటతో బయటికొచ్చాడు. మూటలోంచి ఒక తల. నల్లటి పెద్ద కన్ను, దాని కింద కాటుక కారినట్టు చార. ముక్కు అంచున చిన్న పన్ను లాంటి మొన. పట్టిన పిట్ట మెడ తుంచడానికి ప్రకృతి చెక్కి పెట్టిన కత్తెర అది. ఊహ తెలిశాక మనిషిని ఇంత దగ్గరగా చూడటం దానికి ఇదే మొదలు కాబోలు, నోరు తెరుచుకుని రొప్పుతోంది.

ఉస్తాద్ చేతులు కదిలాయి. ముందు బుర్ఖా. డేగ తల మీద తొడిగే తోలు టోపీని ఇక్కడ అలాగే అంటారు. ముక్కు బయటికి, కళ్లు లోపలికి. వెనక రెండు తోలు పోగులుంటే ఒకటి వేళ్లతో, ఒకటి పళ్లతో పట్టి లాగాడు. చీకటి పడగానే పక్షి మనసులో రాత్రి అయింది. రొప్పు ఆగింది. దీపం ఆర్పినట్టు నిమ్మళించింది.

ఆ తరవాత పరీక్ష. బొటనవేలితో రొమ్ము ఎముక నిమిరి కండ ఎంత ఉందో చూశాడు. అరికాళ్లు తిరగేసి కాయలున్నాయా, వాపుందా అని వెతికాడు. తోకను పేకముక్కల్లా విప్పి ఉర్దూలో లెక్కపెట్టాడు. పన్నెండు ఈకలూ ఉన్నాయి. ఎడమ నుంచి మూడో ఈక దగ్గర ఆగి, వెలుతురుకు అడ్డంగా పెట్టి నన్ను రమ్మన్నాడు. ఈకకు అడ్డంగా వెంట్రుక మందం గీత. బ్లేడుతో గీసినట్టుంది.

"భూక్," అన్నాడు. ఆకలి.

ఈక పెరిగే రోజుల్లో పిల్లకు ఒక పూట తిండి తప్పినా, బెదురు పుట్టినా ఈకలో ఆ చోట అలాంటి గీత పడిపోతుంది. తరవాత ఎంత మేపినా పోదు. ఆ ఈక ఆ గీత దగ్గరే విరుగుతుంది. నోరులేని జీవి తన చిన్నతనాన్ని అలా తోకమీద రాసుకుంటుంది. అర్బాబ్ ఏమీ అనలేదు. ధర మాత్రం కొంచెం దిగింది. ఎంతకు తెగిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. 2021లో రియాద్ దగ్గర మల్హమ్ వేలంలో ఒక తెల్ల జిర్ డేగ 17.5 లక్షల రియాళ్లు పలికిందన్న కబురు బావ నోట ముందే విన్నాను.

కాళ్లకు రెండు తోలు పట్టీలు, వాటికి తాడు. తూకం: 1,120 గ్రాములు. మేనేజరు కడియం మీది నంబరును కాగితం మీది నంబరుతో ఒక్కో అంకె పోల్చి చదివాడు. ఉస్తాద్ తిరిగి చదివాడు. అర్బాబ్ మూడోసారి చదివి సంతకం పెట్టాడు.

తిరుగు దారిలో బావ బండి నడిపిన తీరు చూడాలి. నిండు గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టే. వెళ్లింది కూడా ఆస్పత్రికే. 1999లో తెరిచిన అబుదాబి ఫాల్కన్ హాస్పిటల్. వరండాలో పొడుగాటి పీట మీద బుర్ఖాలు వేసుకున్న డేగలు వరసగా, మన సర్కారు దవాఖానా ఓపీ లాగే. పేరు పిలవగానే ఒక్కోటి లోపలికి. ముక్కుకు మాస్కు పెట్టి మత్తు ఇచ్చారు. సన్నటి గొట్టం కెమెరాతో గాలితిత్తుల్లో బూజు తెగులు ఉందేమో చూశారు. చలిదేశపు జిర్ రక్తానికి ఈ గాలిలో అదే పెద్ద గండం. గోళ్లు అరగదీశారు. పక్క బల్ల మీద సొరుగుల నిండా జాతివారీగా, సైజువారీగా రాలిన ఈకలు. విరిగిన ఈక మొదట్లో సన్నటి పుల్ల దించి, పాత ఈకను అతికి పంపుతారు. మా పిల్లకు ఆ అవసరం ఇంకా రాలేదు.

దానికి ఇక పాస్‌పోర్టు రావాలి. 2002 నుంచి ఎమిరేట్స్ ప్రభుత్వం డేగలకు ఇస్తోంది, మూడేళ్లు చెల్లుతుంది. అందులో అసలు గుర్తు కాలి కడియం నంబరే. అడవి జంతువుల వేట ఇక్కడ నిషేధం. అందుకే హుబారా పక్షి వేటకు అనుమతులు తీసుకుని డేగతో పాటు పరదేశం పోతారు. విమానంలో అది సీటు పక్కనే కూర్చుంటుంది.

"అర్బాబ్ తిజోరీల ఉంటది దాని పాస్‌పోర్టు," అన్నాడు బావ స్టీరింగు తిప్పుతూ. "నాది సుత ఒకప్పుడు గా తిజోరీల్నే ఉండె. ఇప్పుడు నా సూట్‌కేసుల ఉన్నది."

రాత్రి తొమ్మిది. అర్బాబ్ ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, ఒక్క దీపం తప్ప అన్నీ ఆర్పేశారు. తివాచీ మీద గోడకు ఆనుకుని నేను, బావ. ఉస్తాద్ ఎడమచేతికి 'మంగలా', అంటే గొట్టంలాంటి మందపాటి గుడ్డ తొడుగు. దానిమీద పిల్ల. కాళ్ల దగ్గర కంజుపిట్ట రొమ్ము ముక్క.

బుర్ఖా తీశాడు. కన్ను తెరిచింది, మనిషి ముఖం చూసింది, అంతే. రెక్కలు కొట్టి ఎగిరి, తాడు లాగి పట్టేసరికి తలకిందులుగా వేలాడింది. ఉస్తాద్ తిట్టలేదు, విదిలించలేదు. కుడి అరచేతిని వీపు కింద పెట్టి పైకి లేపి తిరిగి కూర్చోబెట్టాడు. మళ్లీ దూకింది. మళ్లీ లేపాడు. ఎన్నిసార్లని! లెక్క పెడుతూ పదిహేడు దగ్గర మానేశాను. ఆయన దాని కళ్లలోకి సూటిగా చూడటం లేదు. సూటిగా చూసేది వేటాడే జంతువేనట.

ఈ విద్య మనకు కొత్తది కాదు. పన్నెండో శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లో డేగవేటకు ప్రత్యేకంగా చోటుంది. విజయనగరాన్ని 1485లో చేతికి తీసుకున్న సాళువ నరసింహుడి ఇంటిపేరుకు అర్థం వేటడేగ. ఆ రోజుల్లో ఎవరో ఒక ముసలాయన ఇలాగే దీపం తగ్గించి, చెయ్యి కదపకుండా కూర్చుని ఉంటాడు. తేడా ఒక్కటే. ఆయన చేతిమీది డేగ అడవిని ఎరుగును. ఇది ఎరగదు.

పదకొండు దాటింది. పిల్ల కదలకుండా నిలబడింది. ఒక్కసారి ఒంటిమీది ఈకలన్నీ నిక్కబొడుచుకుని, తడిసిన కుక్కలా విదిల్చుకుంది. ఉస్తాద్ పెదవుల మీద మొదటిసారి నవ్వు. బెదురు దిగితేనే అలా చేస్తుందట. తల వంచింది. మాంసం వైపు చూసింది, ఆయన్ని చూసింది, మళ్లీ మాంసాన్ని చూసింది. ముక్కుతో ఒక పోగు లాగి మింగింది.

బావ ఊపిరి వదిలిన శబ్దం నాకు వినిపించింది.

ఇక రోజూ ఇదే పని. చేతిమీద తినడం, తరవాత అడుగు దూరం నుంచి చేతిమీదికి దూకడం, తరవాత పొడుగు తాడుతో ఎడారిలో, చివరికి తాడు విప్పేసి, ఈకల గుత్తి గిరగిరా తిప్పి పిలవడం. ఆ గుత్తి మీదికి 400 మీటర్లు ఎగిరి రావడమే ఇక్కడి పందెం. మంచి డేగ ఇరవై సెకన్లలోపే వచ్చేస్తుంది. తాడు విప్పిన నాడు అది తిరిగి రాకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ప్రేమ కాదు, విధేయత కాదు. ఈ చేతి దగ్గర తిండి ఉంది, దెబ్బ లేదు అన్న నమ్మకం ఒక్కటే దాన్ని వెనక్కి తెస్తుంది. యునెస్కో 2010లో మానవాళి వారసత్వమని గుర్తించిన విద్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

తెల్లవారి అజాన్ వేళ లేచి చూస్తే వక్ర్ మీద ప్రశాంతంగా ఉంది. కింద అది రాత్రి తిని కక్కిన ఈకల ఉండ. పొట్ట బాగుందనడానికి గుర్తు. దీపం వెలుగులో కాలి కడియం మెరిసింది.

మన దేశంలో సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి డేగను పట్టినా, అమ్మినా, పెంచినా నేరం. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి బైరి డేగలు మన చెరువుల మీదికి, ఎత్తయిన టవర్ల మీదికి వస్తాయి. బైనాక్యులర్స్ ఉంటే చూడండి, తనివితీరా చూడండి. ఎవరైనా మీ ఊళ్లో డేగపిల్లను అమ్ముతామని వస్తే మాత్రం బేరమాడకండి. అటవీశాఖకు ఫోన్ చెయ్యండి.