భారీ హార్డ్ డిస్కుల విభజన (యూనిక్స్ తరహా వ్యవస్థలు)

ఒక హార్డ్ డిస్కును భాగాలుగా లెక్కగట్టి, ఒక్కో భాగాన్ని విడి డిస్కులా వాడుకునే ఏర్పాటును పార్టిషన్ చేయడం అంటారు. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ వంటి యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఎక్కించేటప్పుడు తీసుకోవలసిన తొలి పెద్ద నిర్ణయం ఇదే. తరువాత మార్చుకోవడం కష్టమైన నిర్ణయం కూడా ఇదే. చిన్న డిస్కుల కాలంలో ఉన్న చోటును సరిపెట్టుకోవడానికి పార్టిషన్లు చేసేవారు. పది, ఇరవై టెరాబైట్ల డిస్కులో చోటుకు కొరత లేదు. అక్కడ చూసుకోవలసింది ఒకటి చెడితే రెండోది మిగులుతుందా, చెడినదాన్ని బాగుచేయడానికి ఎంతసేపు పడుతుంది అన్నదే.

పార్టిషన్ పట్టిక పొలం హద్దుల లెక్క వంటిది. ఏ గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతుందే తప్ప మట్టిని కదపదు. లెక్క చెరిగినా పంట చేలోనే ఉంటుంది కాబట్టి, పొరపాటున తుడిచేసిన పట్టికను టెస్ట్‌డిస్క్ వంటి పనిముట్లతో చాలాసార్లు తిరిగి రాబట్టవచ్చు. అదే చోట కొత్తగా ఫార్మాట్ చేసి రాయడం మొదలుపెడితే మాత్రం చేను దున్నేసినట్టే.

పాత హద్దులు

యూనిక్స్‌లో డైరెక్టరీలను వేర్వేరు డిస్కుల మీద పెట్టడం అవసరం కొద్దీ మొదలైంది. 1970 దశకం తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో వాడిన పీడీపీ-11 యంత్రాల ఆర్‌కే05 డిస్కులో పట్టేది సుమారు 2.5 మెగాబైట్లే. వ్యవస్థ ఫైళ్లు ఒక డిస్కులో ఇమడక రెండో డిస్కులోకి పారాయి. రూట్ (/) వేరు, యూజర్ డైరెక్టరీ (/usr) వేరు అనే విభజనకు మూలం అదే.

వ్యక్తిగత కంప్యూటర్లలో డిస్కు పెరిగిన ప్రతిసారీ చిరునామా రాసే గడి చాలక ఒక హద్దు ఎదురైంది. యంత్రాన్ని లేపే పాత మూల సాఫ్ట్‌వేర్ బయోస్ 1,024 సిలిండర్లను దాటి చదవలేకపోవడంతో 8.4 గిగాబైట్ల దగ్గర ఒక గోడ నిలిచింది. లైలో అనే అప్పటి బూట్ లోడరు కెర్నల్‌ను ఆ హద్దులోపలే వెతికేది కాబట్టి, డిస్కు మొదట్లో చిన్న బూట్ పార్టిషన్ పెట్టే అలవాటు వచ్చింది. 28 బిట్ల చిరునామా 137 గిగాబైట్ల దగ్గర ఆగింది. 48 బిట్లు వచ్చాక ఆ అడ్డూ తొలగింది.

ఎంబీఆర్, 2 టెరాబైట్ల గోడ

మాస్టర్ బూట్ రికార్డు (ఎంబీఆర్) 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. దానితో పాటు వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో డిస్కు 10 మెగాబైట్లు. మొత్తం లెక్కంతా 512 బైట్ల మొదటి సెక్టారులోనే ఇమడాలి: బూట్ కోడ్‌కు 446 బైట్లు, పార్టిషన్ల పట్టికకు 64, చివరి గుర్తుకు 2. ఒక్కో పద్దుకు 16 బైట్లు కాబట్టి ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. అంతకు మించి కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా మార్చి, దాని కడుపులో లాజికల్ పార్టిషన్లు పెట్టుకోవాలి.

ప్రతి పద్దులో మొదలు, పొడవు 32 బిట్ల సంఖ్యలు. 32 బిట్లతో లెక్కించగలిగే సెక్టార్లు సుమారు 429 కోట్లు. ఒక్కోటి 512 బైట్లైతే మొత్తం 2.2 టెరాబైట్లు, అంటే 1,024 లెక్కన 2 టెబిబైట్లు. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు బజారుకు వచ్చినప్పుడు ఈ గోడ అందరికీ తగిలింది. లెక్క సున్నా దగ్గరికి తిరిగిపోయే కొన్ని పాత యంత్రాల్లో అదే డిస్కు 1,024 లెక్కన 746 గిగాబైట్లుగా కనిపించేది. మూడు టెరాబైట్లలోంచి ఆ రెండు టెబిబైట్లు తీసేస్తే మిగిలేది అంతే.

జీపీటీ

దీనికి జవాబుగా వచ్చినది జీయూఐడీ పార్టిషన్ టేబుల్ (జీపీటీ). బయోస్ స్థానంలో ఇంటెల్ మొదలుపెట్టిన ఈఎఫ్ఐ ప్రమాణంలో పుట్టి, యూఈఎఫ్ఐలో భాగమైంది. చిరునామాకు 64 బిట్లు ఉండటంతో 512 బైట్ల సెక్టార్లతోనే 9.4 జెట్టాబైట్ల దాకా లెక్క సరిపోతుంది. మామూలుగా 128 పార్టిషన్లకు చోటు ఉంటుంది. ప్రైమరీ, లాజికల్ అనే తేడా లేదు.

పట్టిక రెండు చోట్ల ఉంటుంది: అసలుది డిస్కు మొదట్లో, నకలు చివర్లో. ఏది చెడిందో తెలుసుకోవడానికి రెండింటికీ సీఆర్‌సీ సరిచూపు ఉంటుంది. ఎంబీఆర్ మాత్రమే తెలిసిన పాత పనిముట్లు డిస్కు ఖాళీగా ఉందనుకుని చెరపకుండా, మొదటి సెక్టారులో కాపలా ఎంబీఆర్ ఒకటి కూర్చుని ఉంటుంది. చిన్న డిస్కును ఉన్నదున్నట్టు పెద్ద డిస్కులోకి కాపీ చేస్తే నకలు పట్టిక మధ్యలో ఉండిపోతుంది. దాన్ని చివరికి జరిపితేగాని మిగతా చోటు చేతికి రాదు.

లినక్స్‌లో జీడిస్క్, పార్టెడ్ జీపీటీ కోసం వాడే పనిముట్లు. పాత ఎఫ్‌డిస్క్‌కు ఈ విద్య 2013లో, యుటిల్-లినక్స్ 2.23తో అబ్బింది.

బూటింగ్

యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ కావాలంటే ఫ్యాట్32తో ఫార్మాట్ చేసిన ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ ఉండాలి. 512 మెగాబైట్ల నుంచి ఒక గిగాబైటు దాకా ఇవ్వడం వాడుక. పాత బయోస్ యంత్రంలోనూ జీపీటీ డిస్కు నుంచి లినక్స్ బూట్ అవుతుంది. కానీ గ్రబ్ అనే బూట్ లోడరు తన కోడ్ దాచుకోవడానికి ఫార్మాట్ చేయని ఒక మెబిబైటు 'బయోస్ బూట్' పార్టిషన్ అడుగుతుంది. ఇన్‌స్టాలర్‌ను ఏ పద్ధతిలో మొదలుపెట్టారో ముందే చూసుకోకపోతే అంతా ఎక్కించాక యంత్రం లేవదు.

సెక్టార్ల అమరిక

2011 నుంచి డిస్కు తయారీదారులు 4,096 బైట్ల భౌతిక సెక్టార్లకు మారారు. చాలా డిస్కులు పైకి మాత్రం 512 బైట్లుగానే చెప్పుకుంటాయి. పార్టిషన్ మొదలు ఈ పెద్ద సెక్టారు మధ్యలో పడితే, 4,096 బైట్ల ఒక్క బ్లాకు రాయడానికి కూడా డిస్కు రెండు సెక్టార్లు చదివి, మార్చి, తిరిగి రాయాలి. వేగం పడిపోతుంది. అందుకే నేటి పనిముట్లు మొదటి పార్టిషన్‌ను 2,048వ సెక్టారు దగ్గర, అంటే సరిగ్గా ఒక మెబిబైటు దగ్గర మొదలుపెడతాయి. ఆ అంకెను మార్చకపోవడమే మేలు.

ఏది వేరుగా ఉంచాలి

లాగ్ ఫైళ్లు, డేటాబేసులు ఉండే వార్ (/var) డైరెక్టరీ అదుపు తప్పి పెరిగితే రూట్ నిండిపోయి వ్యవస్థ కుదేలవుతుంది. వేరుగా ఉంటే నిండేది ఆ ఒక్క గదే. హోమ్ వేరుగా ఉంటే వ్యవస్థను కొత్తగా ఎక్కించినా వాడుకరుల ఫైళ్లు చెక్కుచెదరవు. రూట్‌కు సాధారణంగా కొన్ని పదుల గిగాబైట్లు చాలు. స్వాప్‌ను డిస్కు పరిమాణం బట్టి కాక ర్యామ్ బట్టి నిర్ణయిస్తారు. హైబర్నేషన్ కావాలంటే కనీసం ర్యామ్ అంత ఉంచుతారు.

సాధ్యమైతే వ్యవస్థను చిన్న ఎస్ఎస్‌డీ మీద, డేటాను భారీ డిస్కు మీద పెట్టడం మంచిది. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 250 మెగాబైట్ల చొప్పున మొదటి నుంచి చివరిదాకా చదవడానికే 22 గంటలు పడుతుంది. పలు డిస్కులను కలిపి వాడే రెయిడ్ పునర్నిర్మాణమైనా, పూర్తి బ్యాకప్ అయినా ఈ లెక్క తప్పించుకోలేదు. ఇక పార్టిషన్ బ్యాకప్ కాదు: డిస్కే పోతే అన్ని గదులూ కలిసే పోతాయి.

ఫైల్ సిస్టమ్ ఎంపిక

4 కిలోబైట్ల బ్లాకులతో ఎక్స్‌ట్3 16 టెబిబైట్ల దగ్గర ఆగుతుంది. 2008 డిసెంబరులో లినక్స్ 2.6.28తో స్థిరపడిన ఎక్స్‌ట్4 ఎక్సబైట్ల దాకా వెళుతుంది. సిలికాన్ గ్రాఫిక్స్ తయారుచేసిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ మొదటి నుంచీ పెద్ద డిస్కుల కోసమే పుట్టింది. కానీ పెంచడం తేలిక, కుదించడం ఆచరణలో లేదు.

ఎక్స్‌ట్4 వాడేవారు రెండు అంకెలు చూసుకోవాలి. అది 5 శాతం చోటును రూట్ వాడుకరికి అట్టిపెడుతుంది: 4 టెరాబైట్ల డిస్కులో సుమారు 200 గిగాబైట్లు. డేటా పార్టిషన్‌లో దాన్ని తగ్గించవచ్చు. రెండోది ఐనోడ్‌ల సంఖ్య. ప్రతి ఫైలుకూ దాని వివరాలు రాసుకునే ఐనోడ్ అనే పద్దు ఒకటి కావాలి. 16 కిలోబైట్లకు ఒకటి చొప్పున అదే డిస్కులో 24 కోట్లకు పైగా ఐనోడ్‌లు తయారవుతాయి. ఒక్కోటి 256 బైట్లు కాబట్టి 62 గిగాబైట్లు వాటికే పోతాయి.

ఐనోడ్‌లు ఎన్ని కావాలన్నది డిస్కు పరిమాణం కాదు, దాచే సరుకు చెబుతుంది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్ ముఖ్య కేంద్రాల్లో ఒకటిగా సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పాత తెలుగు పుస్తకాలను పుట పుటకూ విడి టిఫ్ బొమ్మగా దాచారు. అలా 300 పుటల పుస్తకం 300 ఫైళ్లు. పీడీఎఫ్ చేస్తే ఒక్కటే. మొదటి తరహా భాండాగారానికి ఐనోడ్‌లు దండిగా కావాలి, వీడియోలు దాచేవారికి మెబిబైటుకు ఒకటి చాలు. ఫార్మాట్ చేశాక ఈ నిష్పత్తి మారదు.

ఎల్‌వీఎం, ఖాళీ చోటు

ఏ గదికి ఎంత కావాలో మొదటి రోజే తెలియదు. 1998లో హెచ్‌పీ-యూఎక్స్ నమూనాలో లినక్స్‌కు వచ్చిన లాజికల్ వాల్యూమ్ మేనేజర్ (ఎల్‌వీఎం) ఈ చిక్కును సడలిస్తుంది. పార్టిషన్లను ఒక గుంపుగా కలిపి, అందులోంచి కావలసినంత కొలిచి ఇస్తుంది. మొత్తం చోటును మొదటే పంచేయకుండా కొంత మిగిల్చుకుంటేనే దీని లాభం. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ సిస్టమ్‌లన్నీ ఒకే కొలను నుంచి తోడుకుంటాయి కాబట్టి పరిమాణాలు ముందే గీయనక్కరలేదు.

బీఎస్‌డీలలో పార్టిషన్ లోపల డిస్క్‌లేబుల్ అనే మరో పట్టిక ఉండేది. ఫ్రీబీఎస్‌డీ 2012 నాటి 9.0 నుంచి కొత్త ఇన్‌స్టాలర్‌తో జీపీటీకి మారింది. ఓపెన్‌బీఎస్‌డీ ఇన్‌స్టాలర్ తనంతట తాను గీసే ప్రణాళికలో డిస్కు ఎంత పెద్దదైనా హోమ్‌కు 300 గిగాబైట్లకు మించి ఇవ్వదు. మిగిలినదాన్ని ఖాళీగానే వదిలేస్తుంది.

తెలుగులో ఇన్‌స్టాలేషన్, తెలుగు పేర్లు

తెలుగులో తొలి ఆపరేటింగ్ సిస్టమ్ 'స్వేచ్ఛ' 2005లో విడుదలైంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనూ తెలుగు ఎంచుకోవచ్చు. అయితే ఒత్తులు, గుణింతాలు కూర్చి చూపాలి కాబట్టి అది గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లోనే దొరుకుతుంది.

పార్టిషన్‌కు తెలుగు పేరు పెట్టేవారికి ఒక లెక్క ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు. 'అమరావతి'లో అచ్చు, హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. ఎక్స్‌ట్4 లేబుల్‌కు ఉన్నది 16 బైట్లు, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు 12. కాబట్టి అమరావతే కాదు, పల్నాడు, గురజాల, మాచర్ల కూడా ఆ గడుల్లో పట్టవు. జీపీటీ పట్టికలో పార్టిషన్ పేరుకు యూటీఎఫ్-16లో 36 సంకేతాల చోటు ఉంది. అక్కడ 'నరసరావుపేట' అని పూర్తిగా రాసుకున్నా ఇంకా చోటు మిగులుతుంది. ఫైలు పేరుకు 255 బైట్ల పరిమితి ఉంది, అంటే 85 తెలుగు సంకేతాలు. పుస్తకం పేరు, రచయిత పేరు, ముద్రణ సంవత్సరం ఒకే ఫైలు పేరులో రాసేవారికి ఆ పరిమితి తొందరగానే ఎదురవుతుంది.