దారులు తాకి దాటిన ఊరు: మంథని ప్రాంతంలో రవాణా, స్థానిక రాజకీయం, అభివృద్ధి – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

పి.వి. నరసింహారావు రాజకీయ జీవితానికి పునాది వేసిన నియోజకవర్గం మంథని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఒక సభాపతిని కూడా ఇచ్చింది. అయినా ఈ పట్టణానికి నేటికీ రైల్వే స్టేషను లేదు. 1860ల నాటి గోదావరి పడవ మార్గం, 1929 నాటి రైలు మార్గం, ఆ తర్వాతి రాజధాని రహదారి మంథని పక్కనుంచే సాగిపోయాయి. ప్రతినిధుల స్థాయి ఒక ప్రాంతానికి పదవులను తెచ్చినంత సులువుగా దారులను తేలేదని, దారి గమనాన్ని అది మోసే సరుకే నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మంథని, మంత్రకూటం, మానేరు, గోదావరి, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, పి.వి. నరసింహారావు, రామగుండం, కాళేశ్వరం.

1. ఉపోద్ఘాతం

పట్టణాల అభివృద్ధిని రవాణాతో ముడిపెట్టి చూసే పరిశోధన మనకు ఎక్కువగా హైదరాబాదు చుట్టూ తిరుగుతుంది. మెట్రో రైలు ఏ వీధి మీదుగా వెళ్ళింది, పాతబస్తీ దాకా ఎందుకు చేరలేదు అన్న చర్చ పత్రికల్లోనూ సదస్సుల్లోనూ వినిపిస్తూనే ఉంది. చిన్న పట్టణం విషయంలో ఇదే ప్రశ్నను అడిగినవారు తక్కువ. మంథని విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన పదును ఉంది. రాజకీయ పలుకుబడి లేక ఊరు వెనుకబడిందని చెప్పుకునే సౌకర్యం ఇక్కడ లేదు. ఆ పలుకుబడి ఉండి కూడా దారి ఎందుకు రాలేదన్నదే పరిశీలించవలసిన విషయం.

2. రెండు నదుల మూల

మంథనికి ఉత్తరాన గోదావరి. దక్షిణం నుంచి ఈశాన్యంగా వచ్చే మానేరు మంథని మండలంలోని ఆరెంద దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే పట్టణం రెండు నదుల నడిమి మూలలో ఉంది. కాటారం, మహదేవపూర్, తాడిచర్ల ప్రాంతాలు మానేరు అవతల. పూర్వపు రాజ్యానికి ఈ మూల కోటగోడ వంటిది. రెండు వైపుల నీరు, దగ్గరలో రామగిరి కొండలు, అవతల అడవి. 1163 నాటి హనుమకొండ శాసనంలో అచింతేంద్రుడు కాకతీయ రెండవ ప్రోలరాజు విజయాలను వర్ణిస్తూ మంత్రకూటాధిపతి గుండరాజు పరాజయాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఆ మంత్రకూటమే నేటి మంథని అని చరిత్రకారులు గుర్తించారు. అడవి మూలలోని చిన్న పల్లెను గెలిచినందుకు ఏ రాజూ ప్రశస్తి రాయించుకోడు. పన్నెండవ శతాబ్దిలో కాకతీయులకు ఎదురు నిలవగలిగిన ఒక అధికార కేంద్రం ఇక్కడ ఉండేదన్నది శాసనం ఇచ్చే సాక్ష్యం.

గోదావరి ఒడ్డున ఉన్న గౌతమేశ్వరాలయం, పట్టణంలోని ప్రాచీన ఆలయాలు, వేదపండితుల కుటుంబాలు ఆ ప్రాభవానికి కొనసాగింపు. నది ఒడ్డే దారిగా ఉన్న కాలంలో మంథని దారి మీదనే ఉంది. నదిని అడ్డంగా దాటే దారుల కాలం వచ్చాక అదే మూల దానికి చిక్కుముడి అయింది. కోటకు మేలు చేసిన భూగోళం వంతెనల లెక్కలో భారమైపోయింది.

3. పత్తి కోసం పడవలు

ఆధునిక కాలంలో ఈ ప్రాంతాన్ని తాకిన మొదటి పెద్ద రవాణా ప్రణాళిక రైలు కాదు, పడవ. బేరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని గోదావరి మీదుగా సముద్రతీరానికి చేర్చాలన్నది ఆర్థర్ కాటన్ ఎంతో పట్టుబట్టిన ఆలోచన. 1860లో నిజాము ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని బ్రిటిషువారు గోదావరి ఎడమ గట్టు ప్రాంతాన్ని తీసుకున్నారు. సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి లాంకషైరు మిల్లులకు భారతీయ పత్తి అత్యవసరమైంది. హేగ్ అనే సైనిక ఇంజనీరు పర్యవేక్షణలో నదిలోని బండల అడ్డంకులను దాటించే పనులు సాగాయి. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి మిగిలిన గుర్తు.

ఇక్కడ గమనించవలసిన చిన్న విషయం ఒకటుంది. సముద్రం నుంచి ఎగువకు వచ్చే పడవ కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి మళ్ళి, వార్ధా వైపు పోవాలి. పత్తి ఉన్నది అటు. గోదావరి ప్రధాన పాయ మీద ఉన్న మంథని ఆ సంగమానికి ఎగువన ఉంది. కాబట్టి ఖండాంతర వాణిజ్యం కోసం తలపెట్టిన ఆ నదీమార్గం మంథని గుమ్మం దాకా వచ్చి పక్కకు తిరిగింది. 1867లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే నాగపూరు చేరింది. పత్తికి బొంబాయి దారి దొరికింది. 1871లో గోదావరి పనులను వదిలేశారు. సరుకు వేరే దారి పట్టగానే నది మీది ఆసక్తి ఆరిపోయింది. ఒడ్డున ఉన్న ఊళ్ళ అవసరం ఆ లెక్కలో ఎప్పుడూ లేదు.

4. రైలు గీత

నిజాము రాజ్యంలో రైలు 1874లో వాడి–సికింద్రాబాదు మధ్య మొదలైంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు అది చేరడానికి ఇంకా అర్ధశతాబ్దం పట్టింది. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి దిల్లీ, మద్రాసుల మధ్య దగ్గరి దారి ఏర్పడింది. పెద్దపల్లి, రామగుండం మీదుగా వచ్చి, గోదావరిని దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు గుండా ఆ గీత ఉత్తరానికి సాగుతుంది. మంథని దానికి తూర్పున ఉండిపోయింది.

దీని వెనుక మంథనిపై ఎవరికో ఉన్న వ్యతిరేకతను వెతకడం అనవసరం. కాజీపేట నుంచి బల్లార్షాకు నేరుగా గీత గీస్తే అది మంథని మీదుగా రాదు. నదుల మూలలోకి రావాలంటే వంతెనలు పెరుగుతాయి. పైగా 1930లో నిజాము ప్రభుత్వం కొనుగోలు చేసేదాకా ఆ రైల్వే లండన్ కేంద్రంగా నడిచిన కంపెనీది. ఊరివారి అర్జీకి చోటున్న వ్యవస్థ కాదది.

ఫలితం మాత్రం తీవ్రమైనది. రైలు గీత మీద కొత్త ఊళ్ళు పుట్టాయి. సిర్పూరు కాగితపు మిల్లుతో కాగజ్‌నగర్ ఏర్పడింది. బొగ్గుతో బెల్లంపల్లి, సిమెంటుతో మంచిర్యాల పెరిగాయి. 1960ల తొలినాళ్ళ నుంచి సింగరేణి గనులతో రామగుండం, గోదావరిఖని జనంతో నిండాయి. 1978 నవంబరు 14న రామగుండంలో ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రానికి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. అది 2600 మెగావాట్ల స్థాయికి పెరిగింది. బొగ్గు, నీరు, రైలు ఒకచోట దొరికిన స్థలం రామగుండం. మంథనికి నీరుంది, చుట్టుపక్కల భూగర్భంలో బొగ్గూ ఉంది. లేనిది మూడోది ఒక్కటే.

5. పి.వి. మంథని

1952 లోక్‌సభ ఎన్నికల్లో కరీంనగర్ నుంచి పోటీచేసిన పి.వి. నరసింహారావు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. 1957లో మంథని నుంచి శాసనసభకు గెలిచారు. వంగరకు చెందిన ఆయనకు ఇది సొంత తాలూకా కాదు. అయినా 1962, 1967, 1972 ఎన్నికల్లోనూ మంథని ఆయనను గెలిపించింది. 1962 నుంచి ఆయన రాష్ట్ర మంత్రి. 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి వరకు ముఖ్యమంత్రి. 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్ళేదాకా, ఇరవై ఏళ్ళు, ఆయన మంథని ప్రతినిధి.

ఆ ఇరవై ఏళ్ళలో ఆయన పేరుతో నిలిచిన పనులు భూసంస్కరణలు, 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల. రెండూ రాష్ట్రవ్యాప్తమైన ఆలోచనలు. ఆయన రాజకీయ దృష్టి నియోజకవర్గాన్ని దాటినది. దానిని లోపంగా లెక్కకట్టడం ఈ వ్యాసకర్తకు సమ్మతం కాదు. ప్రతినిధి తన ఊరికే రోడ్డు వేయించుకోవడం మెచ్చుకోదగిన గుణమైతే, ప్రతినిధి లేని ఊరి గతి ఏమిటి? అయితే ఓటరు వైపు నుంచి చూసినప్పుడు మరో లెక్క కనిపిస్తుంది. ముఖ్యమంత్రి నియోజకవర్గమన్న గౌరవం ఊరికి దక్కింది. పని కోసం యువకులు పోయింది మాత్రం గోదావరిఖనికి.

1991 ఈ వైరుధ్యానికి పతాక ఘట్టం. ఆ జూన్‌లో పి.వి. ప్రధాని అయ్యారు. అదే ఏడాది అప్పటి మంథని శాసనసభ్యుడు దుద్దిళ్ళ శ్రీపాదరావు శాసనసభాపతి అయ్యారు. మంథని పలుకుబడి అంతకుముందు గాని ఆ తర్వాత గాని అంత ఎత్తులో లేదు. పి.వి. ప్రధానిగా ఉన్న కాలంలో మంజూరైన పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాదు రైలు మార్గం ఈ జిల్లాకు దక్కిన పెద్ద వరం. కాని అది పెద్దపల్లి నుంచి పడమటికి పోతుంది. నిజామాబాదు దాకా పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. ప్రధాని సంకల్పానికే పాతికేళ్ళ దాకా పట్టిందంటే, పదవికీ దారికీ మధ్య ఉన్న దూరం తెలుస్తుంది. రైల్వే కేంద్రానిది, నిధుల కేటాయింపు ఏటేటా జరిగేది, ప్రభుత్వాలు మారుతుండేవి.

మానేరు అవతలి అడవి పల్లెలు ఆ దశాబ్దాల్లో నక్సలైటు ఉద్యమానికీ పోలీసు చర్యలకూ నడుమ నలిగాయి. 1999 ఏప్రిల్ 13న శ్రీపాదరావు మహదేవపూర్ ప్రాంతంలో నక్సలైట్ల చేతిలో హతులయ్యారు. అటువంటి చోట రోడ్డు కేవలం సౌకర్యంగా మిగలదు. బస్సు వచ్చే దారినే పోలీసు జీపు కూడా వస్తుంది. ఎవరి రోడ్డు, ఎవరి కోసం అన్న అనుమానం ఆ పల్లెల రాజకీయంలో భాగమైంది.

6. బస్సు

మంథని ప్రజలు నిజంగా ఎక్కిన వాహనం బస్సు. 1932 జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా శాఖ 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారింది. రైలు సంస్థ కడుపున పుట్టిన బస్సు, రైలు రాని ఊళ్ళకు దిక్కయింది. మంథని డిపో బస్సులు కరీంనగర్‌కూ గోదావరిఖనికీ కాళేశ్వరానికీ నడిచాయి. మహదేవపూర్ దసళి పట్టు చీరల మూటలు, పుష్కర యాత్రికులు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయేవారు అందరిదీ అదే దారి. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ దారి ప్రాధాన్యం ఇంకా పెరిగింది. బస్సుకు ప్రత్యేకంగా గీత అక్కరలేదు. మధ్యలో చెయ్యెత్తిన చోట ఆగుతుంది. పత్తి పడవకూ బొగ్గు రైలుకూ లేని గుణం అది.

హైదరాబాదు నుంచి కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండం పోయే రాజీవ్ రహదారి కూడా పెద్దపల్లి నుంచి రైలు గీతనే అనుసరించింది. రైలు ఒకసారి గీసిన గీతను రోడ్డు మళ్ళీ గీస్తుంది. దాని మీదనే కళాశాల, ఆసుపత్రి వస్తాయి. 2010లో మంథని పేరుతో ఏర్పడిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల కూడా బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీ దగ్గరే ఉంది. పేరు మంథనిది, స్థలం సింగరేణి పరిసరాలది.

7. నీటి దారి, కొత్త రహదారి

2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ప్రాజెక్టును కూడా రవాణా ప్రణాళికగా చదవవచ్చు. ఇక్కడ ప్రయాణించేది నీరు. మేడిగడ్డ నుంచి అన్నారం, అక్కడినుంచి సుందిళ్ళ, ఆపైన ఎల్లంపల్లి. గోదావరి మంథని పక్కనుంచి ఎదురు నడిచింది. ఆ నీటి గమ్యం దూరపు ఆయకట్టు. కాటారం, మహదేవపూర్ ప్రాంతాల్లో 45 వేల ఎకరాలకు ఉద్దేశించిన చిన్న కాళేశ్వరం మాత్రం పెద్దదానికంటే ముందే మొదలై వెనుకనే ఉండిపోయింది. 2022 జూలై వరదల్లో కన్నెపల్లి, అన్నారం పంపుహౌసులు మునిగాయి. మంథని వీధుల్లోకి కూడా నీరు వచ్చింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో పిల్లర్లు కుంగాయి.

2016 అక్టోబరు 11 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నియోజకవర్గం మానేరు వెంబడి రెండుగా చీలింది. ఇవతల పెద్దపల్లి జిల్లా, అవతల జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఒకే శాసనసభ్యుడు, ఇద్దరు కలెక్టర్లు.

ఇప్పుడు నాగపూరు–విజయవాడ కారిడార్ ఈ నేల మీదుగా వస్తోంది. అందులో 108 కిలోమీటర్ల మంచిర్యాల–వరంగల్ భాగానికి 2023 జూలై 8న ప్రధాని నరేంద్ర మోదీ వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. రామగుండం–మణుగూరు రైలు మార్గం ప్రతిపాదన కూడా దశాబ్దాల తర్వాత మళ్ళీ కదిలింది. గీత మొదటిసారి మంథని వైపు తిరిగిందని సంతోషించేవారు ఉన్నారు. సాగుభూములు పోతున్నాయని అభ్యంతరం చెప్పిన రైతులూ ఉన్నారు. ఈ రహదారి మామూలు రోడ్డు కాదు. నిర్ణీత స్థలాల్లో మాత్రమే ఎక్కి దిగవలసిన దారి. 1956 చట్టంతో అమెరికా వేసిన అంతర్రాష్ట్ర రహదారుల్లో ఒకటి సెయింట్ పాల్ నగరంలో రోండో అనే నల్లజాతి పేటను రెండుగా కోసేసింది. దారి అక్కడ ఊరి నడుమనుంచే పోయింది, కాని ఊరిది కాలేదు. మంథని నేడు అడగవలసిన ప్రశ్న రహదారి వస్తుందా అన్నది కాదు. ఎక్కే చోటు, దిగే చోటు ఎక్కడ, పొలానికి పోయే బండిబాటకు కిందినుంచి తోవ ఉందా అన్నది. మణుగూరు రైలుకూ ఇదే వర్తిస్తుంది. బొగ్గు రేకుల కోసం వేసే పట్టాల మీద ప్రయాణికుల బండి రోజుకు ఎన్నిసార్లు ఆగుతుందన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన లెక్క.

8. ఓడేడు వంతెన

ముత్తారం మండలం ఓడేడు నుంచి మానేరు అవతల భూపాలపల్లి జిల్లా గర్మిళ్ళపల్లికి ఒక వంతెన 2016లో మొదలైంది. దాని మీద పత్తి గాని, బొగ్గు గాని ఖండాలు దాటి పోదు. అవతలి పల్లెల వారు ఇవతలికి రావడానికి, ఇవతలివారు అటు పోవడానికి మాత్రమే అది పనికివస్తుంది. బహుశా అందుకే, పైన చెప్పిన ప్రణాళికలన్నింటిలో అందరికంటే ఎక్కువగా ఊరివారికి కావలసింది అదే. పని ఏళ్ళ తరబడి ఆగింది. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఈదురుగాలికి దాని గడ్డర్లు కొన్ని కూలిపోయాయి. ఆ వేళ కింద ఎవరూ లేరు. పగలైతే ఉండేవారు. వంతెన పూర్తికాని ఆ ఏళ్ళన్నిటా జనం వాగు ఇసుకలో, ఆ గడ్డర్ల కిందుగా వేసుకున్న మట్టిబాట మీదనే మానేరు దాటుతున్నారు.