యోగ గురువు చిరునామా

యోగా నేర్పేవారి చిన్న వెబ్‌సైటుకు నాలుగైదు పేజీలు చాలు. నేర్పేది ఎవరు, వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఆసనాలు ఎవరికి తగినవి, తరగతులు ఎప్పుడు, ఎక్కడ. ఇంటర్నెట్‌తో పుట్టినట్టు కనిపించే ఈ ఏర్పాటులో నిజానికి ఏ పేజీ కొత్తది కాదు.

అన్నిటికంటే పాతది గురుపరంపర. పదిహేనో శతాబ్ది ప్రాంతంలో స్వాత్మారాముడు కూర్చిన హఠయోగ ప్రదీపిక ఆదినాథుడికి నమస్కరించి, మత్స్యేంద్రుడు, గోరక్షుడు మొదలైన సిద్ధుల పేర్లు వరసగా చెప్పాకే ఆసనాల జోలికి వెళ్తుంది. సాధన చేసే చోటునూ వదల్లేదు. మంచి పాలన, భిక్షకు కొరత లేని దేశంలో, చిన్న వాకిలితో, ఆవుపేడతో అలికిన కుటీరం కావాలంటుంది. అయితే విద్యను గుప్తంగా ఉంచాలని, బయటపెడితే శక్తి పోతుందని కూడా ఆ గ్రంథమే హెచ్చరించింది. గురువు తన చిరునామా చాటుకోడు; శిష్యుడే వెతుక్కుంటూ రావాలి.

ఈ కట్టు ఇరవయ్యో శతాబ్దిలో సడలింది. 1918లో బొంబాయి శివారు వెర్సోవాలో యోగేంద్ర ‘యోగా ఇన్‌స్టిట్యూట్’ పెట్టి సంసారులకు నేర్పడం మొదలుపెట్టారు. 1924లో లోనావ్లాలో కువలయానంద కైవల్యధామాన్ని స్థాపించి, ఆ ఏడే ‘యోగ మీమాంస’ పత్రికను తెచ్చారు. ఉడ్డియాన, నౌలి చేసేటప్పుడు కడుపులో జరిగేదాన్ని ఎక్స్‌రేలతో పరిశీలించి అందులో ప్రకటించారు. నేటి శిక్షకులు రాసే ‘ఆరోగ్య ప్రయోజనాలు’ పేజీకి మూలం ఇక్కడే ఉంది. తేడా ఒక్కటే: ఆయన చెప్పినదాని పక్కన పరీక్ష ఉండేది.

జనం చూస్తేనే నమ్ముతారని బాగా గ్రహించినవారు తిరుమలై కృష్ణమాచార్య. మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయరు ఆదరణతో ఆయన 1933 నుంచి జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. శిష్యులతో ఊరూరా ప్రదర్శనలిచ్చారు. అంతకుముందే, 1927లో హాసన్‌లో ఆయన ప్రదర్శన చూసే పన్నెండేళ్ల పట్టాభి జోయిస్ శిష్యుడయ్యారు. 1934లో కన్నడంలో వచ్చిన ‘యోగ మకరంద’లో ఆసనాల ఫోటోలున్నాయి, 1938లో ఆయన సాధనను మూకీ ఫిల్ముగా తీశారు. రాజాదరణ పోయాక 1950లో ఆ శాల మూతపడింది. అంతకుముందు, 1930ల చివర్లో, కృష్ణమాచార్య అక్కడ విదేశీ మహిళ ఇంద్రాదేవిని మొదట కాదని, రాజు మాట మీద చేర్చుకున్నారు. ఆమె 1940ల చివర్లో హాలీవుడ్‌లో స్టూడియో తెరిచారు. రాజు అండ లేనిచోట శిక్షకులు తరగతి వేళలు తామే చాటుకుని, ఫీజుల మీదే బతకాలి.

మైసూరు శిష్యుల్లో నేర్పే పద్ధతిని పుస్తకంలోకి అందరికంటే నిశితంగా దించినవారు బి.కె.ఎస్. అయ్యంగార్. 1937 నుంచి పుణేలో నేర్పుతున్న ఆయనకు 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ పరిచయమయ్యారు. ఆ పరిచయమే యూరప్ దారి తెరిచింది. 1966లో వచ్చిన ‘లైట్ ఆన్ యోగా’లో దాదాపు ఆరు వందల ఫోటోలున్నాయి. ప్రతి ఆసనం పేరు పక్కన అది ఎంత కష్టమో చెప్పే అంకె ఉంటుంది; అది ఒకటి నుంచి అరవై దాకా పెరుగుతుంది. చివర మూడు వందల వారాల సాధనా క్రమం, ఏ రుగ్మతకు ఏ ఆసనాలన్న పట్టిక. తెలియనివారు పెద్ద అంకె ఉన్న ఆసనానికి తొందరపడకుండా ఆ అంకెలే ఆపుతాయి. చాలా వెబ్‌సైట్లు ఆ పుస్తకం నుంచి రోగాల పట్టికను తీసుకుని అంకెలను వదిలేశాయి. ఇది ప్రమాదకరమైన మరుపు. ఏ తరగతి కొత్తవారికి, ఏది అలవాటున్నవారికి అన్నది రోగాల పేర్లకంటే ముందు రాయాలి.

ఆ తర్వాత టీవీ వచ్చింది. అమెరికాలో 1961లో రిచర్డ్ హిటిల్‌మన్, దూరదర్శన్‌లో ధీరేంద్ర బ్రహ్మచారి, ఈ శతాబ్ది మొదట్లో ఆస్థా చానల్లో రాందేవ్ ఇళ్లలోకే వెళ్లారు. 1999లో అమెరికాలో ఏర్పడిన యోగా అలయన్స్ రెండు వందల గంటల శిక్షణను కొలమానం చేసింది. మన దేశంలో ఆయుష్ శాఖ పరిధిలో యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది. దాంతో గురువు పేరుండే చోట గంటలు, ధ్రువపత్రాలు చేరాయి. ఇవి అవసరమే. కానీ ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారన్నదానికి గంటల లెక్క బదులు కాదు. రెండూ రాయడమే న్యాయం.

2020లో కరోనాతో తరగతులు జూమ్‌లోకి మారాక ‘ఎక్కడ’ అన్న ప్రశ్న చిన్నదై, ‘ఎప్పుడు’ అన్నది పెద్దదైంది. హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నర తరగతి డాలస్‌లోని తెలుగువారికి ముందురోజు రాత్రి ఎనిమిదికి, అక్కడ చలికాలంలో ఏడుకే వస్తుంది. విదేశాల్లో శిష్యులున్నవారు వేళలను రెండు చోట్ల గడియారాల ప్రకారమూ రాసి, అక్కడ సమయం మారినప్పుడల్లా సరిచేయాలి.