ఎర్రకుళ్ళు: మన చెరకు తోటలు నేర్పిన నూట పాతికేళ్ల పాఠం

ఈ సంచికలో మన ఆటపాటల గురించి, మన భూమి కోసం నిలబడ్డ పెద్దల గురించి చాలామంది రాస్తారు. నేను మన పొలాల గురించి రాస్తున్నాను. పొలానికీ చరిత్ర ఉంది. అది కూడా మనకు తెలియాలి.

రోలుగుంట నుంచి చోడవరం వైపు వెళ్లినా, నర్సీపట్నం వైపు వెళ్లినా దారి పక్కన చెరకు తోటలు కనిపిస్తాయి. మన కుటుంబాల్లో కొందరు కౌలుకు చెరకు వేస్తారు. ఇంకా ఎక్కువమంది సీజన్ వచ్చిందంటే కత్తి పట్టుకుని గడ నరకడానికి కూలికి వెళతారు. ఆ కత్తి దెబ్బకు గడ రెండుగా చీలినప్పుడు లోపల తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రగా కనిపిస్తే, పుల్లటి సారా వాసన వస్తే, అది ఎర్రకుళ్ళు తెగులు. చెరకుకు వచ్చే తెగుళ్లలో దీనంత నష్టం చేసేది మరొకటి లేదు. దీని కథ తెలుసుకుంటే పంటకు తెగులు ఎలా పుడుతుందో, ఎలా పాకుతుందో, దాన్ని ఎలా అదుపు చేయాలో మూడూ అర్థమవుతాయి.

తెగులు ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు మనిషి చాలాకాలం తప్పు జవాబే చెప్పుకున్నాడు. మన ఊళ్లలో దిష్టి తగిలిందనో, దేవతకు కోపం వచ్చిందనో అనేవారు. ఇది మన వెనకబాటు అనుకోకండి. 1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంట కుళ్లిపోయినప్పుడు అక్కడి చదువుకున్నవాళ్లలోనూ చాలామంది దేవుడి శిక్ష అన్నారు, చెడు గాలి అన్నారు. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అంతకు మించిన సంఖ్యలో దేశం వదిలిపోయారు. బూజే కారణమని బర్క్‌లీ అనే ఆయన 1846లో రాస్తే, కుళ్లిన దుంప మీద బూజు తర్వాత పుడుతుంది గానీ ముందు కాదని పెద్దలు కొట్టిపారేశారు. 1861లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ప్రయోగం చేసి చూపించాకే అసలు సంగతి తేలింది. ముందు శిలీంధ్రం, తర్వాతే కుళ్లు.

ఆ తర్వాత నలభై ఏళ్లకు ఇదే రకం కష్టం మన తెలుగు నేలకు వచ్చింది. గోదావరి డెల్టాలో చెరకు తోటలు ఎండిపోసాగాయి. మద్రాసు ప్రభుత్వంలో వృక్షశాస్త్రవేత్తగా ఉన్న సి.ఎ. బార్బర్ 1901లో దాన్ని పరిశీలించాడు. జావాలో 1893లో వెంట్ అనే శాస్త్రవేత్త వర్ణించిన తెగులే ఇక్కడా ఉందని తేలింది. భారతదేశంలో ఎర్రకుళ్ళు తెగులు శాస్త్రవేత్తల లెక్కలోకి ఎక్కింది మన గోదావరి తోటల నుంచే. దీనికి దారి వెతకడానికే 1902లో సామర్లకోటలో ప్రయోగ క్షేత్రం పెట్టారు. బయటి నుంచి తెచ్చిన రకాలను అక్కడ వేసి చూశారు. వాటిలో రెడ్ మారిషస్ అనే రకం డెల్టా రైతుల చేతికి వచ్చింది. 1906లో ఇ.జె. బట్లర్ ఈ తెగులు మీద వివరంగా రాశాడు. రోగం అంటిన ముచ్చెల ద్వారానే ఇది ముఖ్యంగా వ్యాపిస్తుందని, ఆరోగ్యమైన తోట నుంచే విత్తనం తీసుకోవాలని ఆయన గట్టిగా చెప్పాడు.

ఆ మాటను కాస్త వివరంగా చూద్దాం. చెరకును మనం గింజతో వేయం. గడను రెండు మూడు కళ్లు ఉండేలా ముచ్చెలుగా కోసి నాటుతాం. గడ లోపల శిలీంధ్రం ఉంటే ముచ్చెతోపాటే కొత్త పొలానికి వెళుతుంది. దాని పేరు కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్. పైకి గడ బాగానే కనిపించవచ్చు. వానలు పడ్డాక, గడ ఎదిగే సమయంలో మూడో ఆకో నాలుగో ఆకో పసుపు రంగుకు తిరిగి ఎండుతుంది. తర్వాత మొవ్వు మొత్తం వడలిపోతుంది. గడ చీల్చితే ఎర్రటి కణజాలం మధ్య అడ్డంగా తెల్లటి మచ్చలుంటాయి. ఎర్రకుళ్ళుకు అదే అసలైన గుర్తు. లోపల పంచదార విరిగిపోతుంది కాబట్టి ఫ్యాక్టరీకి తోలితే దిగుబడి రాదు, గానుగాడి బెల్లం వండితే దిమ్మ సరిగా గట్టిపడదు. ఒక దుబ్బు నుంచి పక్క దుబ్బుకు వాన నీరు, సాగు నీరు, గాలివాన తోడవుతాయి. నరికిన పొలంలో మిగిలిన మోళ్లు, ఆకుల చెత్త కొన్ని నెలలపాటు తెగులును దాచి ఉంచుతాయి. ఆ మోళ్ల మీదే కార్శి పెంచితే రెండో ఏడాది తెగులు ఇంకా ఎక్కువవుతుంది.

తెగులు రావాలంటే మూడు కలవాలని శాస్త్రం చెబుతుంది: తట్టుకోలేని పంట, రోగకారకం, దానికి నచ్చే వాతావరణం. వాన మన చేతిలో లేదు. శిలీంధ్రాన్ని భూమి మీద లేకుండా చేయలేం. మన చేతిలో ఉన్నది పంట రకం, విత్తనం, పొలం శుభ్రత. తర్వాత జరిగిందంతా ఈ మూడింటి చుట్టూనే తిరిగింది.

1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం మొదలైంది. బార్బర్, ఆయనతో పనిచేసిన టి.ఎస్. వెంకట్రామన్ కలిసి లావు చెరకును ఒక అడవి గడ్డితో సంకరం చేశారు. 1918లో కో 205 అనే రకం బయటకు వచ్చింది. ఆ అడవి గడ్డి ఏదో తెలుసా? మన గెడ్డల ఒడ్డున, ఏటి ఇసుకలో తెల్లటి పూలతో ఊగే రెల్లు. ఎవరూ నాటని, ఎవరూ ఎరువు వేయని ఆ గడ్డిలోని మొండితనమే చెరకుకు బలమిచ్చింది. నేటి చెరకు రకాల్లో చాలావాటిలో రెల్లు రక్తం ఉంది. పనికిరానిదని మనం దున్నిపారేసే మొక్కల విలువ ఏమిటో దీన్నిబట్టి ఆలోచించండి.

అయినా కథ అక్కడ ముగియలేదు. ఒక రకం బాగుందంటే అందరూ అదే వేస్తారు. శిలీంధ్రం కూడా మారుతూ ఉంటుంది. ఏదో ఒకనాడు ఆ రకాన్ని లొంగదీసుకునే తీరు నేర్చుకుంటుంది. ఉత్తరప్రదేశ్ తూర్పు ప్రాంతంలో, బీహార్‌లో 1938 నుంచి 1940 మధ్య కో 213 తోటలు ఇలాగే ఎర్రకుళ్ళుకు బలయ్యాయి. మన కోస్తాలో చాలాకాలం పండించిన కో 997 కూడా ఈ తెగులు వల్లే పక్కకు తప్పుకోవలసి వచ్చింది. 2009లో విడుదలైన కో 0238 ఉత్తరప్రదేశ్ చెరకు విస్తీర్ణంలో సుమారు 80 శాతం ఆక్రమించింది, రైతుకు మంచి డబ్బు తెచ్చింది. పదేళ్లు తిరక్కుండానే ఎర్రకుళ్ళు దాని మీద పడింది. ఎనభై ఏళ్ల తేడాతో అదే తప్పు, అదే నష్టం.

మన పక్కనే అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉంది. ఇప్పుడు అది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది. విశ్వామిత్ర (87ఎ298) వంటి రకాలు అక్కడివే. రోలుగుంట నుంచి ఒక పూటలో వెళ్లి రాగల దూరంలో ఇంత పాత కేంద్రం ఉంది. మన కౌలు రైతుల్లో అక్కడ అడుగుపెట్టినవాళ్లు ఎందరు?

కొండ మీది బంధువులకూ ఇదే పాఠం వర్తిస్తుంది. చింతపల్లి, పాడేరు వైపు మనవాళ్లు కాఫీ పండిస్తున్నారు. 1869లో సిలోన్‌లో కాఫీ ఆకుల అడుగున నారింజ రంగు పొడి కనిపించింది. అదే ఆకు తుప్పు తెగులు. కొండలన్నీ ఒకే పంటతో నింపిన చోట గాలి ఆ పొడిని తోట నుంచి తోటకు మోసింది. మార్షల్ వార్డ్ అనే యువ శాస్త్రవేత్త 1880లలో వెళ్లి కారణం కనిపెట్టేసరికే ఆలస్యమైపోయింది. సిలోన్ కాఫీ వదిలి తేయాకుకు మారింది. చెరకు తెగులు మన చేతిలోని ముచ్చెతో నడుస్తుంది, కాఫీ తెగులు గాలితో నడుస్తుంది. దారులు వేరు. ఒకే రకాన్ని ఎడం లేకుండా వేయడం వల్ల వచ్చే ముప్పు మాత్రం ఒకటే. మన పెద్దలు పోడులో చోళ్లు, సామలు, కంది కలిపి చల్లేవారు. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికి వచ్చేది. వాళ్లు శిలీంధ్రం పేరు ఎరగరు, ముప్పును పంచడం ఎరుగుదురు.

ఇక చేయవలసినవి. విత్తనం కోసం వేరుగా పెంచిన, తెగులు లేని తోట నుంచే ముచ్చెలు తీయాలి. కోసేటప్పుడు ముచ్చె చివర ఏమాత్రం ఎరుపు కనిపించినా పారేయాలి. లీటరు నీటికి అర గ్రాము కార్బెండజిమ్ కలిపి ముచ్చెలను 15 నిమిషాలు ముంచి నాటాలి. అయితే మందు పైపై రోగాన్నే ఆపుతుంది, గడ లోతులో ఉన్నదాన్ని చంపలేదు. అందుకే మంచి విత్తనానికి బదులు మందు సరిపోదు. తెగులు సోకిన దుబ్బును వేళ్లతో సహా తవ్వి కాల్చేయాలి. ఆ మడి నీరు పక్క మడికి పోకుండా గట్టు వేయాలి. అక్కడ కార్శి ఉంచకూడదు. వరి వంటి పంటతో మార్పిడి చేయాలి. ఊరంతా ఒకే రకం వేయకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా హాస్టల్‌లో ఉండే పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు చెరకు నరికేవాళ్లే. తోటలో ఎరుపును అందరికన్నా ముందు చూసేది వాళ్లే. భూమి ఆసామిదైనా, కత్తి మనవాళ్ల చేతిలో ఉంటుంది. ఆ ఎర్ర గడ విత్తనం కుప్పలోకి వెళ్లిందంటే మరుసటి ఏడాది నష్టపోయేవాళ్లలో అప్పు తెచ్చి కౌలు కట్టిన మనవాళ్లూ ఉంటారు. కాబట్టి ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మానాన్నలతో తోటకు వెళ్లి గడ చీల్చి చూడండి. ఎరుపు, తెల్లటి అడ్డ మచ్చలు కనిపిస్తే ఆ గడను ఫోన్‌లో ఫోటో తీసి రైతు భరోసా కేంద్రం లేదా రైతు సేవా కేంద్రం అని పిలిచే మీ ఊరి కార్యాలయంలో వ్యవసాయ సహాయకులకు చూపించండి. ఇంటర్‌లో సైన్సు చదివేవాళ్లు వ్యవసాయ డిగ్రీ గురించి కూడా ఆలోచించండి. అనకాపల్లిలో, చింతపల్లిలో ఉన్న పరిశోధన కేంద్రాల్లో మన ఊళ్ల పిల్లలు శాస్త్రవేత్తలుగా కూర్చుంటే, తోటలో కత్తి పట్టిన అమ్మ చెప్పే మాట వాళ్లకు అరక్షణంలో అర్థమవుతుంది.