బండి వెంట కరెంటు

అమెరికాలో ఇల్లులాంటి బండి వేసుకుని అడవులకు, కొండలకు వెళ్లే అలవాటు 1920ల నాటికే ఉంది. అప్పట్లో లాంతరు, స్టవ్వు ఉంటే చాలు; జనరేటర్ ఊసే పెద్దగా లేదు. మోటార్‌హోమ్‌లు పెరిగి, వాటి కప్పులపైకి ఏసీలు ఎక్కాక అవసరం మారింది. 1965లో వచ్చిన హోండా ఈ300 జనరేటర్ చేత్తో మోసేంత చిన్నది. ఇచ్చేది సుమారు 300 వాట్లే. దీపాలకు సరే, ఏసీకి ఏ మూలకు?

పాత రకాలతో అసలు చిక్కు చప్పుడు. 60 హెర్ట్జ్ కరెంటు రావాలంటే, ఒక్క బల్బు వెలిగినా సరే, ఇంజన్ సాధారణంగా నిమిషానికి 3,600 చుట్లు తిరగాల్సిందే. పక్క గుడారం వాళ్లకు నిద్ర కరువు. ఇన్వర్టర్ రకం ఈ ముడిని విప్పింది. పుట్టిన కరెంటును ముందు డీసీ కరెంటుగా, మళ్లీ ఏసీ కరెంటుగా మారుస్తుంది కాబట్టి లోడు తగ్గితే ఇంజన్ నెమ్మదిస్తుంది. జాతీయ పార్కుల్లో 50 అడుగుల దూరాన 60 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన ఉండడంతో దీనికి గిరాకీ పెరిగింది.

13,500 బీటీయూ ఏసీ నడిచేటప్పుడు దాదాపు 1,500 వాట్లు తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో అంతకు రెట్టింపు లాగగలదు. రెండు 2,000 వాట్ల యంత్రాలను కేబుల్‌తో జతచేసే పద్ధతి అందుకే వాడుకలోకి వచ్చింది.